మీటరు పెట్టకుండానే బోర్డు పోయిందంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో కేకు చేయడం ఎలాగో రాసినప్పుడల్లా చివరికి ఒకటే మాట వస్తుంది, "180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు బేక్ చేయాలి" అని. చదవడానికి బాగానే ఉంటుంది. ఆ 180 ఓవెన్ లోపల నిజంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలో మాత్రం ఎవరూ రాయరు. డిస్‌ప్లే మీద కనిపించే అంకెను నమ్మి నేను మూడు నెలలు అవస్థ పడ్డాను, చివర్లో మీటరు పెట్టి కొలవకుండానే బోర్డు పోయిందన్న సర్వీసు వాళ్ల మాటకు పదమూడు వేలు కూడా వదిలేవే, కొంచెంలో తప్పింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. జాగా చాలకపోతే నా సొంత గోల కత్తిరించండి గానీ ఓముల లెక్క మాత్రం ఉంచండి.

మాది హిందూపురం దగ్గర. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది, రామమూర్తి నగర్‌లో ఉంటాం. ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఇస్తుంటాను. పైన నాలుగు గ్యాస్ బర్నర్లు, కింద కరెంటు ఓవెన్, ముందు వైపు అంకెల డిస్‌ప్లే ఉన్న కుకింగ్ రేంజ్ మాది. కంపెనీ పేరు రాయను, రాసినా మీరు వేయరు.

మొదట స్పాంజ్ కేకు మధ్యలో కుంగడం మొదలైంది. పైన పాలిపోయినట్టు ఉండేది, కత్తి దించితే లోపల బంక. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గుడ్లు మార్చాను, మైదా మార్చాను, బేకింగ్ పౌడర్ డబ్బా సగం ఉండగానే పారేసి కొత్తది తెచ్చాను. మా అత్తమ్మ దిష్టి అంది, ఓవెన్‌కు నిమ్మకాయ తిప్పింది కూడా. నిమ్మకాయ తర్వాత రెండు కేకులు బాగా వచ్చాయి, అదొక్కటి మాత్రం నేనిప్పటికీ ఆవిడతో వాదించలేను. మూడోది మళ్లీ కుంగింది.

అప్పుడు నాలుగు వందలు పెట్టి ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొన్నాను. ఇంట్లో బేకింగ్ చేసే వాళ్లందరికీ ఇది ముందే ఉండాలి, నాకు ఆలస్యంగా బుద్ధొచ్చింది. మధ్య రాక్ మీద పెట్టి, 180కి సెట్ చేసి, తలుపు తీయకుండా అరగంట ఆగి, అద్దంలోంచి చూస్తూ ఐదైదు నిమిషాలకు అంకె రాసుకున్నాను. 143, 151, 158, 149, ఇలా. హీటరు ఆగి వెలుగుతూ ఉంటుంది కాబట్టి పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగడం మామూలే, ఒక్కసారి చూసి కంగారు పడకూడదు, నాలుగైదు సార్లు చూసి సగటు తీసుకోవాలి. నా సగటు 150. అంటే ముప్పై తక్కువ.

సరే, ముప్పై తక్కువైతే ముప్పై కలుపుకుంటే పోలేదా అనుకున్నాను. 210కి పెట్టడం మొదలుపెట్టాను. నెలన్నర బండి నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒకరోజు సీమంతానికి నాన్‌ఖటాయి ఆర్డరు, రెండు ట్రేలు లోపల పెట్టి ఫోన్ మాట్లాడుతున్నాను, మాడిన నెయ్యి వాసన హాల్లోకి వచ్చింది. బొగ్గులు. ఎందుకంటే ఆరోజు ఓవెన్ సరిగ్గా పనిచేసింది! 210 అంటే నిజంగానే 210 కొట్టింది. ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. మర్నాడు ఓవెన్ ఆన్ చేయగానే టింగు టింగుమని మోత, డిస్‌ప్లే మీద "ఎఫ్ 3". మాన్యువల్ తీస్తే "ఓవెన్ సెన్సర్, సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి" అని ఒక్క ముక్క. ఈ కోడ్‌లు కంపెనీకో రకంగా ఉంటాయట, నాది చూసి మీది అనుకోకండి.

సర్వీసు అబ్బాయి వచ్చాడు. స్విచ్ ఆపి వేశాడు, కోడ్ ఫోటో తీసుకున్నాడు, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు: "బోర్డ్ హోగిదె మేడమ్." అంటే ఓవెన్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు పోయిందట. బోర్డుకు, కూలికి కలిపి 13,200. వచ్చి చూసినందుకు జీఎస్టీతో 590. కొలిచి చూసే మీటరు, అదే మల్టీమీటర్, అతని బ్యాగులో ఉంది, పసుపు రంగుది, నేను నా కళ్లతో చూశాను. బయటికి కూడా తీయలేదు. మాన్యువల్‌లో సెన్సర్ అని ఉంది కదా బాబూ అంటే, సెన్సర్ పాడవదు మేడమ్, ఇలాంటి వాటికి బోర్డే మారుస్తాం అన్నాడు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, రోజుకు ఎన్ని ఇళ్లు తిరగాలో పాపం. అతన్ని అలా పంపించే వాళ్ల మీద ఉంది. జాబ్ కార్డు మీద మాత్రం "బోర్డు లోపం" అని రాయించుకుని పెట్టుకున్నాను.

ఆ రాత్రి మా మరిది భోజనానికి వచ్చాడు. పీణ్యాలో ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాడు. నేను బోర్డు సంగతి చెబుతుంటే చేయి కడుక్కోకుండానే లేచి ఓవెన్ తలుపు తీసి టార్చి వేశాడు. వెనక గోడలో పై మూలన, స్లేటు బలపం అంత లావున ఒక స్టీలు కడ్డీ లోపలికి పొడుచుకుని ఉంటుంది, నేను ఇన్నేళ్లు అది ట్రే ఆనకుండా పెట్టిన అడ్డం అనుకున్నాను. "వదినా, ఇది ఆర్‌టీడీ. అంటే వేడి కొలిచే సెన్సర్. మా ఫ్యాక్టరీలో రోజూ చూసేదే. దీన్ని కొలవడం నీ బీపీ చూసినంత సులువు" అన్నాడు. ఆదివారం పొద్దున మీటరు తెచ్చాడు.

ఇక్కడి నుంచి కొంచెం ఓపికగా చదవండి.

ఆ కడ్డీ కొనలో ప్లాటినం ఉంటుంది. వేడెక్కే కొద్దీ ప్లాటినంలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డునే ఓముల్లో కొలుస్తారు. మా దాంట్లో ఉన్న రకాన్ని పీటీ 1000 అంటారు, అంటే సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా వెయ్యి ఓములు. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 3.85 ఓములు పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 1,097 చూపించాలి. బోర్డుకు కళ్లు లేవు, ఈ ఓముల సంఖ్య చూసే లోపల ఎంత వేడి ఉందో లెక్క కడుతుంది. ఓములు ఎక్కువ కనిపిస్తే "చాలా వేడెక్కింది" అనుకుని హీటరు ఆపేస్తుంది. అసలు కనెక్షనే తెగితే కోడ్ చూపించి మొరపెట్టుకుంటుంది.

ముందుగా మా మరిది ఎంసీబీ దించాడు, 16 యాంప్స్ ప్లగ్గు పీకాడు, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపాడు. రేంజ్ ముందుకు లాగితే గ్యాస్ పైపు కూడా సాగుతుంది కదా, ఆ సంగతి నాకు తట్టనే లేదు. కరెంటు ఉండగా ఓములు కొలవకూడదు, మీటరూ పోతుంది, మనమూ పోతాం, హీటరుకు వెళ్లేది 230 వోల్టులు. వెనక రేకు విప్పాడు. బోర్డుకు వెళ్లే సెన్సర్ వైర్ల జత పీకి, ఆ కొస దగ్గర మీటరు పెట్టాడు.

1,210.

"గదిలో 25 డిగ్రీలే ఉంది, బోర్డు మాత్రం ఇక్కడ 54 ఉందనుకుంటోంది వదినా" అన్నాడు. వైరు పట్టుకుని అలా కదిపాడు. 1,340. ఇంకొంచెం కదిపాడు. ఓఎల్, అంటే తెగిపోయినట్టు. వదిలేశాడు, మళ్లీ 1,100 దగ్గరికి వచ్చి నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. సీమంతం నాన్‌ఖటాయి ఎందుకు మాడాయో ఆ అంకెలోనే ఉంది. ఆరోజు వైరు బాగా తగిలింది, అంతే.

అయితే కడ్డీ పోయినట్టేనా అన్నాను. తొందరపడకు అన్నాడు. సెన్సర్ నుంచి వచ్చే వైర్లు మధ్యలో ఒక చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ దగ్గర బోర్డు వైర్లతో కలుస్తాయి. దాన్ని విడదీసి సెన్సర్ వైపు మాత్రమే కొలిచాడు: 1,098. నిక్షేపంగా ఉంది. వైరు కదిపినా కదలదు. మీటరు ఒక కొస కడ్డీ స్టీలుకు, ఇంకో కొస వైరుకు పెట్టి చూశాడు, లోపల ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో అని, అదీ లేదు. 1,210లోంచి 1,098 తీసేస్తే 112. దాన్ని డిగ్రీల్లోకి మారిస్తే 29, 30. నా థర్మామీటర్ చూపించిన ముప్పై! ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏ కేకు పొంగినప్పుడూ కలగలేదు, నిజం.

మా అబ్బాయి ఏడో తరగతి. ఆ కడ్డీ నిజంగా వెయ్యి చూపిస్తుందా బాబాయ్ అన్నాడు. రెండు స్క్రూలు విప్పి సెన్సర్ బయటికి తీశాడు మా మరిది (లోపలి నుంచి తీసేటప్పుడు వైర్లకు దారం కట్టుకోవాలి, లేకపోతే వెనక్కి జారిపోయి బొక్కలోంచి దొరకవు). స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు. కొన మాత్రం ముంచాడు. మీటరు మీద అంకె దిగుతూ దిగుతూ 1,002 దగ్గర ఆగింది. తర్వాత గిన్నెలో నీళ్లు మరిగించి అందులో పెట్టాడు. వంద డిగ్రీలకు 1,385 రావాలి, వచ్చింది 1,372. చూశారా తేడా ఉంది అన్నాను. నవ్వాడు. "బెంగళూరు సముద్రానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది వదినా, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 97కి 1,374 రావాలి. నీ సెన్సర్ నీకంటే నిజాయితీగా ఉంది." అదే మద్రాసులో చేసి ఉంటే 1,385కి దగ్గర్లో వచ్చేదట. కడ్డీని బాగా తుడిచి ఆరబెట్టి మళ్లీ బిగించాడు, తడితో పెట్టకూడదు.

దొంగ ఎవరంటే ఆ కనెక్టర్. తెల్లగా ఉండాల్సింది మాడిన అప్పడంలా గోధుమ రంగుకు తిరిగింది, ఒక పక్క కరిగి వంగింది, లోపలి పిన్ను నల్లగా పొరలు కట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అది ఎందుకు కాలింది అంటే, ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది, పెద్ద ఫ్రిజ్ కొన్నప్పుడు చోటు చాలక రేంజ్‌ను గోడకు ఆనించి నెట్టేశాం. వెనక గాలి పోయే సందు లేక ఆ వేడంతా అక్కడే ఉండిపోయింది. ఎంత సందు వదలాలో మాన్యువల్‌లో ఉంది. ఎవరు చదువుతారండీ.

మధ్యాహ్నం నేనూ మా అబ్బాయీ మెట్రోలో ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు బయల్దేరబోయి, ఆదివారం సగం షాపులు మూసే ఉంటాయని ఆగి, సోమవారం వెళ్లాం. అక్కడి షాపతను నా మాటకు "అనంతపురమా అక్కా?" అని తెలుగులోనే అందుకున్నాడు. వేడికి తట్టుకునే పింగాణీ కనెక్టర్, ఫైబర్‌గ్లాస్ తొడుగున్న వైరు ఒక అడుగు, రెండూ కలిపి 70 రూపాయలు. ఇంట్లో వైరింగుకు వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే, ఓవెన్ వెనక అది పనికిరాదు. నల్ల ఇన్సులేషన్ టేపు అసలే చుట్టకూడదు, నాలుగు రోజుల్లో జిగురు కారి మళ్లీ మొదటికొస్తుంది. మరిది ఆఫీసు నుంచి వచ్చి పాత కనెక్టర్ కత్తిరించేసి కొత్తది బిగించాడు. బోర్డు కొస దగ్గర 1,099. కదిపినా 1,099.

రేంజ్ వెనక సందు వదిలి పెట్టి, 180కి సెట్ చేసి, మళ్లీ నా థర్మామీటర్ కార్యక్రమం. 172, 188, 176, 184. ఎఫ్ 3 మళ్లీ కనిపించలేదు. అంటే పోయిందన్న బోర్డు బోర్డులాగే ఉంది.

అందరి ఓవెన్లూ ఇలాగే ఉండవు. కొన్నింటిలో వెయ్యికి బదులు ఐదొందల ఓముల ప్లాటినం ఉంటుంది. ఎన్‌టీసీ అనే రకమైతే పూర్తిగా ఉల్టా, వేడెక్కితే ఓములు తగ్గుతాయి. నాబ్ తిప్పే ఓటీజీలు (టేబుల్ మీద పెట్టే చిన్న కరెంటు ఓవెన్లు) కొన్నింటిలో, చాలా పాత రేంజ్‌లలో అయితే ఓముల గొడవే లేదు, నూనె నింపిన సన్నటి రాగి గొట్టం లాంటిది ఉండి అది వ్యాకోచించి స్విచ్ ఆపుతుంది, దానికి మీటరు పెట్టి ప్రయోజనం లేదు, గొట్టం నలిగితే వేడిని అదుపు చేసే ఆ థర్మోస్టాట్ మొత్తం మార్చాల్సిందే. గ్యాస్ ఓవెన్లలో మంట పక్కన ఉండే కడ్డీ థర్మోకపుల్, అది మంట ఉందా లేదా చూడటానికే, వేడి కొలవడానికి కాదు. నాబ్ వదలగానే మంట ఆరిపోతుంటే అనుమానం దాని మీదికి వెళ్లాలి, కేకు కుంగితే కాదు.

ఇంకో సంగతి. డిజిటల్ ఓవెన్లు కొన్నింటిలో సెట్టింగుల్లోకి వెళ్లి పది ఇరవై డిగ్రీలు కలపడమో తీసేయడమో చేసుకోవచ్చు. ప్రతిరోజూ ఒకే పది డిగ్రీలు తక్కువ కొడుతుంటే అది వాడుకోండి, తప్పు లేదు. ఒకరోజు ముప్పై తక్కువ, ఒకరోజు సరిగ్గా, ఇంకోరోజు కోడ్ అన్నట్టుంటే మాత్రం అది సర్దుబాటుతో పోయేది కాదు. నేను 210 పెట్టి చేసిన తప్పు అదే. వైరు ఊగుతుంటే అంకె కలుపుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు నా గొడవ. నేను ఎవరినీ ఓవెన్ విప్పమని చెప్పడం లేదు, మా ఇంట్లో ఆ పని తెలిసిన మనిషి ఉన్నాడు కాబట్టి విప్పాం. కరెంటు పని చేతకాకపోతే ముట్టుకోవద్దు. కానీ అడగడానికి ఏమైంది? బోర్డు పోయింది అనగానే "సెన్సర్ ఓములు ఎంత ఉన్నాయి బాబూ, ఒకసారి నా ముందు కొలిచి చూపించు" అనండి. కొలవడానికి పది నిమిషాలు పట్టదు. కొలిచిన అంకెను జాబ్ కార్డు మీద రాయమనండి. బిల్లు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి, బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు, కొన్న ఊళ్లోనే వేయాలన్న నియమం లేదు, మనం ఉంటున్న చోటే వేసుకోవచ్చు. నా 590 రూపాయల కోసం నేనింకా అంత దూరం వెళ్లలేదు, సర్వీస్ సెంటర్‌కు జాబ్ కార్డు ఫోటో, కాలిన కనెక్టర్ ఫోటో పక్కపక్కన పెట్టి మెయిల్ పంపాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు వచ్చింది. దాన్ని కొలవడానికి ఏ మీటరు పెట్టాలో.

కంపెనీల వాళ్లు మీ పేపరు చదువుతారో లేదో తెలియదు గానీ వాళ్లకొక మాట. 2022లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు, అని కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెచ్చింది, అందులో ఇంట్లో వాడే ఇలాంటి వస్తువులూ ఉన్నాయి. నేను అంత పెద్ద హక్కులేమీ అడగడం లేదు. మాన్యువల్ చివరి పేజీలో ఒక్క వరుస వేయండి: ఈ ఓవెన్ సెన్సర్ గది వేడిలో ఇన్ని ఓములు, 180 డిగ్రీల్లో ఇన్ని ఓములు. పద్నాలుగు భాషల్లో "జాగ్రత్త, వేడిగా ఉంటుంది" అని వేయగలిగినవాళ్లకు ఆ ఒక్క వరుసకు సిరా చాలదా? ఆ అంకె ఉంటే వీధి చివర ఎలక్ట్రీషియన్ అయినా కొలిచి చెబుతాడు, మా మరిది లాంటి వాడు ప్రతి ఇంట్లో ఉండక్కర్లేదు.

మీకు కూడా ఒక విన్నపం ఎడిటర్ గారూ. డిసెంబరులో ప్లమ్ కేకు ఎలాగూ వేస్తారు. ఈసారి "180 డిగ్రీలు, 35 నిమిషాలు" అని వదిలేయకుండా, మధ్యలో పుల్ల గుచ్చితే తడి లేకుండా రావాలి, అంచులు టిన్నును వదలాలి, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేవాలి అని కూడా రాయించండి. ఓవెన్ అంకె తప్పు చెప్పినా కేకు చెప్పదు.

ఆ కాలిన కనెక్టర్‌ను మా అత్తమ్మ పారేయబోతే ఆపి, మసాలా డబ్బాల వెనక పెట్టాను. ఆ సర్వీసు అబ్బాయి పక్క ఫ్లాటుకు ఎప్పుడో ఒకప్పుడు రాకపోడు.

— ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు.